షీనా వచ్చేలోపు

“నెలాఖరుకి నాకొక పేరు కావాలి లొరేన్. నీ టీములోని ఆరుగురిలో ఒకరు వెళ్లాల్సిందే,” అన్నాడు డైరెక్టరు గ్రాంట్. “నన్నడిగితే ఆర్నెల్. మూడేళ్లలో ఆ మనిషి నోరు విప్పగా నేను చూళ్లేదు.”

“అతనికి నత్తి అని మీకు తెలుసు కదా. పనికి వంక పెట్టగలరా?” అంది లొరేన్. ఆ టీముకి ఆమే పెద్ద.

“పని చేస్తే చాలదమ్మా, చేసినట్టు నలుగురికీ తెలియాలి. అతన్ని కాస్త మాట్లాడనివ్వమని మిగతావాళ్లకి చెప్పి చూశావా?”

“పోయినేడాది చెప్పాను. అందరూ జాలిగా అతని నోటివంకే చూస్తూ నిలబడ్డారు. సిగ్గుతో అతను రెండ్రోజులు ఆఫీసు మొహం చూళ్లేదు పాపం.”

“అయితే ఆ పేరే రాసెయ్,” అంటూ లేచాడు గ్రాంట్.

సిటీ బస్సు ఏ స్టాపుకి ఎప్పుడొస్తుందో ఫోనులో చూపించే ప్రోగ్రాము వాళ్లది. ఆ శీతాకాలం అది తప్పుడు టైములు చూపిస్తోంది. కెనడాలోని మానిటోబా చలి, మైనస్ ముప్పై. స్టాపుల్లో బిగుసుకుపోతూ జనం తిట్టని తిట్టు లేదు. కాంట్రాక్టు పోయేలా ఉంది. ఒక ఉద్యోగం తగ్గించాలన్నది అందుకే.

ఆ టీములో ఓ ఆనవాయితీ ఉంది. పొద్దున్న తొమ్మిదింటికి అందరూ గుండ్రంగా నిలబడి, చేసిన పనీ చెయ్యబోయే పనీ పావుగంటలో చెప్పేసుకోవాలి. నోరున్నవాడిదే రాజ్యం. ఆర్నెల్ “బ... బ...” అనగానే కర్టిస్ అందుకుని, “బస్సు సిగ్నలే కదా? నేననేదీ అదే!” అని ఆ మాట తనే ముగించేవాడు. కర్టిస్ చెడ్డవాడు కాదు, సాయం చేస్తున్నాననే అనుకునేవాడు. అలాంటి సాయం పగవాడికి కూడా వద్దు. పోను పోను ఆర్నెల్ “నిన్నటి పనే” అనే రెండు ముక్కలతో సరిపెట్టుకోవడం మొదలుపెట్టాడు.

గ్రాంట్ వచ్చివెళ్లిన మర్నాడు లొరేన్ అందరినీ కూర్చోబెట్టింది.

“హాలిఫాక్స్ శాఖ నుంచి షీనా అనే అమ్మాయి బదిలీ మీద వస్తోంది. ఆమెకి చెవులు వినపడవు. మనం ఇవాళ్టి నుంచే అలవాటు చేసుకుందాం. చెప్పదలచుకున్నది ఎవరికి వాళ్లు ముందు రాసి తెర మీద పెట్టాలి. పది నిమిషాలు చప్పుడు చెయ్యకుండా చదవాలి. మాటలు ఆ తర్వాతే. ఒకరు ముగించందే ఇంకొకరు పెదవి కదపకూడదు.”

“ఆలూ లేదు చూలూ లేదు, అప్పుడే ఉయ్యాల కట్టమంటావేంటి లొరేన్!” అన్నాడు కర్టిస్. “ఇక్కడున్నవాళ్లకే దిక్కులేదు, మళ్లీ కొత్తమనిషా?”

“ఆమె జీతం ఆ శాఖదేలే. నువ్వు నోరు కట్టుకో, చాలు.”

“ఆ నోరు కట్టాలంటే ఊళ్లో ఉన్న తాళ్లు చాలవు,” అంది టీములోని ఒక్సానా. అందరూ నవ్వారు. ఆర్నెల్ కూడా నవ్వాడు.

మొదటివారం కర్టిస్ ప్రాణం ఉగ్గబట్టుకుని కూర్చున్నాడు. షీనా మాత్రం రాలేదు. ఇల్లు దొరకలేదట అంది లొరేన్ ఒకసారి. మంచు తుఫానులో సామాను లారీ ఆగిపోయిందట అంది ఇంకోసారి. ఈలోగా ఒక్సానా ఫోనులో చూసి సైగలతో స్వాగతం చెప్పడం నేర్చుకుంది, అందరికీ నేర్పింది.

మూడోవారం ఓ పొద్దున్న తెర మీద పదకొండు లైన్లు కనిపించాయి. పాత బస్సుల్లో సిగ్నలు పంపే పెట్టె చలికి ఆగి, మళ్లీ మొదలైనప్పుడల్లా దాని గడియారం వెనకబడుతోంది. మన ప్రోగ్రాము ఆ టైమునే నమ్ముతోంది. దాన్ని సరిచేసే దారి కూడా అక్కడే ఉంది. రాసింది ఆర్నెల్.

పది నిమిషాలు దాటినా అందరూ ఆ లైన్లే మళ్లీ మళ్లీ చదువుతున్నారు.

“ఇది నీకెప్పట్నుంచి తెలుసు?” అన్నాడు కర్టిస్ చివరికి.

“అ... అ...”

కర్టిస్ నాలుక మీద మాట సిద్ధంగానే ఉంది. పళ్లు బిగించి ఆగాడు. అందరూ ఆగారు.

“అక్టోబరు నుంచి.”

“మరి చెప్పలేదేం నాయనా!”

“మొ... మొదలుపెట్టాను. నువ్వు పూ... పూర్తి చేశావు.”

కర్టిస్ తల దించుకున్నాడు. “నన్ను చెప్పుతో కొట్టాలి,” అన్నాడు. నిజంగానే బాధపడ్డాడు.

నెలాఖరుకల్లా బస్సులు చెప్పిన టైముకి రావడం మొదలుపెట్టాయి. గ్రాంట్ స్వయంగా వచ్చి ఆర్నెల్ చెయ్యి పట్టుకుని ఊపాడు.

“కాంట్రాక్టు నిలబడింది. ఎవరి పేరూ రాయక్కర్లేదు లొరేన్.”

లొరేన్ పక్కకి తిరిగి కళ్లు తుడుచుకుంది.

“అంతా షీనా పుణ్యం!” అన్నాడు కర్టిస్. “ఆ అమ్మాయి వస్తుందని నోరు మూసుకున్నాం కాబట్టి మాకు చెవులున్నాయని తెలిసింది. బదిలీ కాగితాల మీద సంతకం పెట్టేది మీరే కదా గ్రాంట్, కాస్త తొందరగా పంపించండి మహాప్రభో. సైగలు కూడా నేర్చుకుని కూర్చున్నాం.”

గ్రాంట్ అయోమయంగా లొరేన్ వైపు తిరిగాడు.

“ఏ షీనా?”