టీంను ఎవరు కొనాలె?

సక్కుబాయి చాయ్ బండి దగ్గర ఆ సాయంత్రం ఒకటే లొల్లి.

ఇబ్రహీంపట్నం కబడ్డీ టీం అమ్మకానికొచ్చింది మరి.

జిల్లాలో కొత్తగా లీగ్ పెడుతున్నారు. అందులో ఆడాలంటే ప్రతి టీంకూ ఒక ఓనరుండాలట. కొనడానికి ఇద్దరు ముందుకొచ్చారు. ఒకరు బడంగ్‌పేట్‌లో వెంచర్లు వేసే శ్రీపాల్. ఇంకొకరు ఇంజనీరింగ్ కాలేజీ చైర్మన్.

అమ్మేది కబడ్డీ సంఘం, కొనేది వాళ్లు. గొంతులు చించుకునేది మాత్రం చూడ్డానికొచ్చేవాళ్లు.

“శ్రీపాలన్ననే కొనాలె,” అన్నాడు ఆటో బుచ్చి. “మంచి బూట్లిస్తడు. మ్యాచులకు బస్సు పెడ్తడు.”

“బూట్లు తిని ఆడుతర్రా?” సక్కుబాయి చాయ్ వడపోస్తూ అంది. “చైర్మనైతే హాస్టల్ల కడుపునిండ అన్నం పెడ్తడు. ఆకలితోని కూతకు పోతే దమ్ము యాడుంటది?”

బాలరాజ్ గ్రౌండ్ వైపే చూస్తున్నాడు. మోటార్ వైండింగ్ షాపు మూసి రోజూ ఇక్కడికే వస్తాడు. పదిహేనేళ్లు ఈ మట్టిలోనే ఆడాడు. మోకాలు పోయాక చూసి సంతోషపడుతున్నాడు.

అతని దిగులంతా ఎదురుగా ఉన్న గ్రౌండ్ గురించే.

ఔటర్ రింగు రోడ్డు పడ్డప్పటి నుంచి చుట్టూ పొలాలన్నీ ప్లాట్లయిపోయాయి. హద్దురాళ్లు పాతని చోటు ఇదొక్కటే మిగిలింది. తాతల నాటి నుంచి ఆడుతున్నారు కాబట్టి సర్కారు జాగా అనుకున్నారు. ఎవరిదని ఎవరూ అడిగిన పాపాన పోలేదు.

“ఎవరన్న కొననీ,” అన్నాడు చివరికి. “టీంను కొనాలె గని, ఈ జాగ మీద కన్నెయ్యొద్దు. ఇది పోతే టీం పేరుకే ఉంటది.”

అప్పుడే గ్రౌండ్‌లో ఒక పెద్దమనిషి కనిపించాడు. తెల్లధోవతి, చంకలో రెక్సిన్ సంచి. ఈ మూల నుంచి ఆ మూలకు అడుగులేస్తూ లెక్కపెడుతున్నాడు. మధ్యలో వంగి, ఇంత మట్టి తీసి నలిపి చూశాడు.

ఆ రోజుల్లో ఇబ్రహీంపట్నంలో చంకలో సంచి పెట్టుకుని అడుగులు కొలిచే మనిషంటే ఒకటే అర్థం. ప్లాట్ల బ్రోకర్.

బాలరాజ్ ఒళ్లు మండింది.

పెద్దమనిషి మాత్రం తీరిగ్గా చాయ్ బండి దగ్గరికొచ్చి నిలబడ్డాడు. ప్రాక్టీస్ చేస్తున్న ఆటగాళ్లను కాసేపు చూశాడు.

“మస్తు ఆడుతున్రు. రోజూ ఆడుతరా?”

“రోజూ ఆడుతరు. మా నాయనలు ఆడిన్రు, మేం ఆడినం, ఇప్పుడు వీళ్లు ఆడుతున్రు,” అన్నాడు బాలరాజ్. “నువ్వెందుకు కొలుస్తున్నవ్?”

“ఎంతుందో చూద్దామని కొలిచిన.”

“ఏ వెంచర్ మనిషివి?”

“వెంచర్ లేదు గించర్ లేదు, బిడ్డా. అబ్దుల్లాపూర్‌మెట్ నుంచొచ్చిన. ఇప్పుడు కబడ్డీ మ్యాట్ మీద ఆడుతరంట గద. ఈ జాగ లేకున్నా నడుస్తదేమో?”

అంతే. బుచ్చి లేచి నిలబడ్డాడు. సక్కుబాయి అందించబోయిన గ్లాసు వెనక్కి పెట్టేసింది.

“ఎట్ల నడుస్తది?” బాలరాజ్ ముందుకొచ్చాడు. “మ్యాట్ మ్యాచ్ నాడు ఏస్తరు. ఆట నేర్చుకునేది ఈడనే. మా పోరగాండ్లకు వేరే జాగ ఏడుంది? చూడు పెద్దాయన, ఇది అమ్మకానికి లేదు. నిన్ను పంపినోళ్లకు పోయి చెప్పు.”

“అమ్మకానికి లేదని ఎవరన్నరు?”

“మేమంటున్నం.”

“మంచి ధర వస్తే?”

“బంగారం పోసినా లేదు. మా పానాలు ఇందులనే ఉన్నయ్.”

పెద్దమనిషి అతని ముఖంలోకి కాసేపు చూశాడు. కోపం రాలేదు. సరే అన్నట్టు తలూపాడు.

“బుచ్చీ, ఈయనను బస్టాండుల దించు,” అన్నాడు బాలరాజ్. “బస్సెక్కేదాక ఆడనే ఉండు.”

ఆటోలో కూర్చుంటూ ఆయన నవ్వాడు. ఎందుకు నవ్వాడో వాళ్లకర్థం కాలేదు. అర్థం చేసుకునే ఓపిక కూడా ఎవరికీ లేదు.

పది రోజుల తర్వాత టీంను శ్రీపాల్ కొన్నాడు. సాయంత్రం తనే గ్రౌండ్‌కొచ్చి అందరికీ కొత్త బనియన్లు పంచాడు. బుచ్చి ఈలలేశాడు. చైర్మన్ కొనలేదన్న అలక మరిచి సక్కుబాయి అందరికీ ఊరికే చాయ్ పోసింది.

బాలరాజ్‌కు మాత్రం గ్రౌండ్ దిగులు తీరలేదు. ఆగలేక అడిగేశాడు.

“సేటూ, టీం మంచిగనే కొన్నవ్. మరి ఈ జాగ సంగతి?”

శ్రీపాల్ చిన్నగా నవ్వాడు.

“దాస్తే ఏమొస్తది అన్నా. టీంతోని ఈ జాగ గూడ కొందామనే అనుకున్న. మాటలు గూడ అయినయ్. రిజిస్ట్రేషన్ నాడు పట్టాదారు రాలేదు.”

“పట్టాదారా? ఇది సర్కారుది గాదా?”

“గాదు. మల్లేశయ్య అని, వాళ్ల నాయన నుంచి వచ్చిన పట్టా భూమి. దున్నుకోకుంట ఇన్నేండ్లు మీ ఆట కోసమే ఇడిచిపెట్టిన్రంట. మొన్న సంఘానికి కాగితం గూడ రాసిచ్చిండు, టీం ఉన్నన్ని దినాలు ఈడనే ఆడుకొమ్మని.”

బాలరాజ్‌కు ఒక్కసారిగా గుండె మీది బండ దిగినట్టయింది. చాలా రోజుల తర్వాత హాయిగా ఊపిరి పీల్చుకున్నాడు. గ్రౌండ్‌లో కూత మొదలైంది. ఇక ఎవరు గెలిచినా ఓడినా ఫికర్ లేదనిపించింది.

“దేవుడసోంటి మనిషి,” అన్నాడు. “అమ్ముతనని మాటిచ్చి, మళ్ల ఎందుకొద్దన్నడు?”

“నేను గూడ గదే అడిగిన,” అన్నాడు శ్రీపాల్. “‘అమ్మే ముందు ఒక్కసారి కొలుచుకుందామని పోయిన, నా జాగ అమ్మకానికి లేదని గ్రౌండ్ కాడి పోరగాండ్లు నన్నే ఆటో ఎక్కించి పంపిన్రు’ అన్నడు.”