పున్నయ్య చేతిరాత

తన పొలం మింగాడన్న కోపంతో అంకినీడు సొంత అన్న పున్నయ్య గుమ్మం తొక్కడం మానేసి ఏళ్లయింది.

వెబ్‌పేజీలకు ఆ ఏడాది కొత్త రకం ఫాంటు వచ్చింది. చూసేవాడు తొలిసారి ఎవరి రాతలో అక్షరాలు దిద్దాడో, పేజీ ఎలాగో పసిగట్టి ఆ రాతలోకి మారిపోతుంది.

అంకినీడు భార్య శేషారత్నం ఆపరేషనై, రెండు కళ్లకూ కట్టుతో మంచం మీద ఉంది. మందు తారుమారైతే చూపే పోతుందని డాక్టరు మరీ మరీ చెప్పాడు. వంటింటి గోడకున్న తెర మీద ఆసుపత్రి వాళ్ల మందుల పేజీ వెలగగానే అంకినీడు కొయ్యబారిపోయాడు. పక్కకు వాలిన తలకట్లు, బొద్దుగా ఉబ్బిన 'మ'. బడి మానేసిన తనకు గొడ్లచావిట్లో పున్నయ్య బొగ్గుతో దిద్దబెట్టిన అక్షరాలే! జీవితంలో మొదటిసారి పేజీ మొత్తం ఒక్కడే చదివాడు.

"ఏందయ్యా, ఉలుకూ పలుకూ లేదు?"

"గోడ నిండా మా అన్న రాతే."

"అంత రోత అయితే మార్చెయ్. మామూలు అక్షరాలు లేవా ఏంది?"

మార్చాడు. అక్షరాలన్నీ చీమల్లా ఒకదాని మీదొకటి ఎక్కాయి. ఒక్క ముక్క అర్థం కాలేదు. గబగబా మళ్లీ అన్న రాతే పెట్టాడు.

"తెల్ల మాత్ర తిన్నాకే వెయ్యాలంట," అంటూ గోడ మీది 'మ'ను వేలితో తడిమాడు. "ఏం రాతే అది! ముత్యాలు పోసినట్టుంది."

శేషారత్నం కట్టు కింద నుంచే నవ్వింది. "అయితే కోపం పోయినట్టేగా?"

"ఎట్టా పోద్దే? ఎకరా డెబ్బై రెండు సెంట్లు!"