కిటికీలో రెండు గీతలు

ఒక మాట ముందే ఒప్పేసుకుంటాను. ఝాన్సీ చేసిన పనికి నేను ఆవిడని తిట్టలేను. పక్క వాటాలో అలాంటి తోడికోడలు నాకే ఉంటే నేనూ ఫోను తీసేదాన్నేమో.

"నాలిక కింద పెట్టుకోమంటే కొరికేస్తావేటి?"

తోడికోడలు కుమారి గొంతు గోడ దాటి వచ్చేసరికి, ఝాన్సీ చేపలు కడుగుతున్న చేత్తోనే పక్క వాటాకి వెళ్లిపోయింది. గుమ్మంలో మరిది దేవేంద్ర నోట్లో దూది పుల్లతో కూర్చున్నాడు. కుమారి ఆ పుల్ల లాగి, వేలెడంత ప్లాస్టిక్ పట్టీలో గుచ్చి, కిటికీలో పెట్టింది.

"ఏటే ఇది?"

"గంజాయి టెస్టక్కా. ఆన్‌లైన్‌లో తెప్పించాను. ఈ మనిషికి తిండి లేదు, నిద్దర లేదు, పలకరిస్తే సిరాకు. అనుమానం వచ్చీసింది."

"ఫోర్‌మన్ పోస్టు టెన్షనంటే ఇనదు వదినా," అన్నాడు దేవేంద్ర.

ఆ పోస్టు మాటే ఝాన్సీకి గిట్టదు. భోగాపురం విమానాశ్రయం సైటులో అన్నదమ్ములిద్దరూ క్రేన్లు నడుపుతారు. ఫోర్‌మన్ పోస్టు ఒక్కటే. అన్న గిరిబాబు ఉండగా తమ్ముడికే ఇస్తారని సైటంతా గుసగుసలు. కుమారికి స్కూటీ ముందే వచ్చింది. కొడుకూ ముందే పుట్టాడు. ఇక ఫోర్‌మన్ పెళ్లాం అన్న పేరు కూడానా?

లోపల పిల్లాడు ఏడిస్తే కుమారి లేచింది. దేవేంద్ర వెనకే వెళ్లాడు. ఝాన్సీ కిటికీ దగ్గరికి జరిగింది.

ఎర్రగా రెండు గీతలు.

రెండు గీతలంటే ఏమిటో ఝాన్సీకి ఎవరూ చెప్పక్కర్లేదు. పెళ్లయిన దగ్గర్నుంచి నెలనెలా బాత్రూములో తలుపేసుకుని ఆమె వెతుక్కునేది ఆ రెండో గీతనే. ప్రతిసారీ ఒక్కటే వచ్చేది. కుమారికి మాత్రం కాపురానికొచ్చిన ఏడాదే రెండూ వచ్చాయి. ఆ పట్టీని ఫొటో తీసి మరీ అందరికీ పంపింది.

కుమారి పిల్లాణ్ణి చంకనేసుకుని వచ్చి కిటికీలోకి చూసింది.

"హమ్మయ్య. మా ఆయనికేటీ లేదక్కా."

కళ్లెదురుగా ఎంత అబద్ధం! ఝాన్సీ పట్టీ వంక మళ్లీ చూసింది.

"ఇంకోటి మిగిలుంది. బావగారికీ సూస్తావేటి?" నవ్వింది కుమారి.

"మా ఆయనికెందుకే," అంటూనే ఝాన్సీ అందుకుంది.

"కాగితం కూడా తీసుకో అక్కా, సదువుకుందువు."

"నాకు గీతలు సూడ్డం రాదేటి?"

మధ్యాహ్నం గిరిబాబు షిఫ్టు దిగి వచ్చాడు. సైటు దుమ్ముకి కళ్లు ఎప్పట్లాగే ఎర్రబడ్డాయి. చేపల పులుసు గిన్నె ఊడ్చేసి, గోడ మీద బల్లిని చూసి కాసేపు నవ్వుకుని, చాప మీద నోరు తెరుచుకుని నిద్రపోయాడు. తిండికి వంక పెట్టడు, మాటకి మాట అనడు. కుమారికి లేనిది, తనకి ఉన్నది ఈ మనిషొక్కడే.

దూది పుల్ల నాలిక కింద తిప్పినా లేవలేదు. నిద్రలోనే ఇంకాస్త నవ్వాడు.

ఒక్కటే గీత.

ఒక్క గీతని చూసి ఝాన్సీ మురిసిపోవడం జీవితంలో అదే మొదటిసారి.

మర్నాడు పొద్దున్నే, మగవాళ్లిద్దరూ బండెక్కి వెళ్లాక, సైటు మేనేజరు భాస్కర్‌కి ఫోను చేసింది.

"మీ క్రేన్ల మీద ఒకడు గంజాయి తాగుతన్నాడు సార్."

"ఎవరమ్మా? నువ్వెవరు?"

"పేర్లు నన్నడక్కండి. టెస్టు సెయ్యండి, మీకే తెలుస్తాది."

"ఒక్కణ్ణి పిలిస్తే గొడవవుతుంది. అందరికీ చేయాలి. దొరికినవాడికి గేటు పాసు ఈ పూటే రద్దు. మళ్లీ ఏ సైటులోనూ క్రేనెక్కలేడు. ఆలోచించుకునే చెబుతున్నావా?"

"అందరికీ సెయ్యండి సార్. గిరిబాబుతోనే మొదలెట్టినా సరే."

ఆ రోజు ఝాన్సీ అన్నంతో పాటు పాయసం కూడా పొయ్యి మీద పెట్టింది. అది ఉడుకుతుండగా కుమారి ఫోను పట్టుకుని పరిగెత్తుకొచ్చింది.

"అక్కా, సైటులో అందరికీ నోటి టెస్టులంట. ఎవులో ఫోను సేసారంట."

"అయ్యో," అంది ఝాన్సీ, ముఖం వీలైనంత వేలాడేసి. "మీ ఆయన పనైపోయిందేటే?"

"అయిపోయిందక్కా. ఫోర్‌మన్ ఆయనేనని భాస్కర్ సారు అక్కడే సెప్పీసారంట."

గరిటె ఆగిపోయింది.

"ఎన్ని గీతలొచ్చాయి?"

"రెండక్కా. నిన్న ఇంట్లో వచ్చినట్టే."

"రెండొస్తే పోస్టిచ్చారేటే?"

కుమారి పడీ పడీ నవ్వింది. "కడుపు పట్టీ అనుకున్నావేటక్కా? అందుకే కాగితం సదవమన్నాను."

పాయసం అడుగంటుతున్న వాసన వేస్తోంది.

"బావగారిని ఇప్పుడే లోపలికి పిలిసారంట," అంది కుమారి, గరిటె తన చేతిలోకి తీసుకుంటూ. "గంజాయి టెస్టుకి ఒక్క గీతొస్తేనే దొరికినట్టు."