గుసగుస పరీక్ష

యెర్మొలాయ్‌ వినికిడి పరీక్షకి డాక్టరు గది బయట నిలబడ్డాడు. ముందు వెళ్లిన ఇద్దరూ ఫెయిలయ్యారు. ఇప్పుడు లోపల తోటి పనివాడు గ్లెబ్ ఉన్నాడు. తర్వాత తనే.

సుఖోబోర్‌లో ఊరికంటే స్టేషనే ముందు పుట్టింది. ఇళ్లు, బడి, పొయ్యిలోకి బొగ్గు, అన్నీ రైల్వేవే. ఉద్యోగం ఊడితే ఇల్లూ ఊడినట్టే. ఈ మంచులో ముసలి పెళ్లాన్ని వెంటేసుకుని ఎక్కడికి పోతాడు?

ఆగిన రైలు చక్రాలను సుత్తితో కొట్టి చూడటం అతని పని. మంచి చక్రం ఖంగుమంటుంది, పగిలింది బొంగురుగా పలుకుతుంది. ముప్ఫయ్యొక్క ఏళ్లు ఆ మోతే అతనికి తిండి పెట్టింది. నిరుటి చలికాలం నుంచి చెవులు మొరాయించాయి. పెదాలు చూసి మాట పట్టేస్తాడు గనక ఎవరూ కనిపెట్టలేదు. చక్రాలకు పెదాలుండవు కదా! మొన్న అతను బాగుందన్న చక్రానికి జానెడు పగులుంది. గ్లెబ్ కంటపడింది కాబట్టి సరిపోయింది. అప్పటినుంచి రైలు కదిలితే చాలు, అతనికి గుండె దడ.

నిజానికి ఈ వినికిడి పరీక్షంటే అక్కడ ఎవరికీ లెక్కలేదు. పాత డాక్టరు ఏటా అవే అంకెలు గుసగుసగా చెప్పేవాడు, అవి తిరిగి చెబితే పాసు. ముప్ఫై నాలుగు, ఎనభై రెండు, పదిహేడు. క్యాంటీన్లో అందరికీ కంఠోపాఠం. ఈ ఏడాది మాత్రం కొత్త డాక్టరొచ్చాడు.

గ్లెబ్ మొహం వేలాడేసుకుని బయటికొచ్చాడు. అతనివి పాము చెవులు.

"నువ్వూనా? అంకెలు మార్చాడా ఏంట్రా?"

"ఏమో బాబాయ్. మరీ సన్నగా చెప్పినట్టున్నాడు. ఎందుకొచ్చిన గొడవని పాతవే అప్పజెప్పేశాను. పొమ్మన్నాడు."

లోపల డాక్టరు యెర్మొలాయ్‌ని గోడకేసి నిలబెట్టి, ఆరు మీటర్లు వెనక్కి వెళ్లాడు. ఇక పెదాలు చూసే దారి లేదు.

ఏమీ వినపడలేదు. ముప్ఫై నాలుగు నాలుక చివరే ఆడుతోంది. అనేస్తే ఇల్లు నిలుస్తుందేమో!

పక్క కిటికీలోంచి మూడూ ఇరవై రైలు వచ్చి ఆగడం కనిపించింది. ఓ పెట్టెలో పసిపిల్ల అద్దానికి ముక్కు ఆనించి చూస్తోంది. ఆ పెట్టె చక్రాలు కొట్టాల్సింది తనే. ఇల్లు పోతుందన్న భయం కంటే ఈ భయం పెద్దదైపోయింది.

"క్షమించండి డాక్టరుగారూ. నాకేమీ వినపడలేదు," అనేసి వెనక్కి తిరిగాడు.

డాక్టరు అప్పటికే కాగితం మీద ముద్ర కొట్టేశాడు. 'వినికిడి నిక్షేపం.'

"వెళ్లు పెద్దాయనా, రైలొచ్చింది. సుత్తి తీసుకో."

"అయ్యా, ఒట్టు. నిజంగానే నాకు ఒక్క ముక్కా వినపడలేదు."

డాక్టరు నవ్వాడు. యెర్మొలాయ్ అతని పెదాలకేసే చూస్తున్నాడు.

"ఎలా వినపడుతుందయ్యా, మిమ్మల్నందర్నీ గోడకేసి నిలబెట్టాక నేనసలు ఎవరికీ నోరే విప్పలేదు."