రంగూన్ నర్సు

“రంగూన్ కాయితాలు ఇక్కడ నడవవని చెప్పింది నువ్వే కదా గట్టయ్యా? మరి ఇప్పుడు రంగూన్ చేతులెందుకు?”

నూకరత్నం నేల తుడిచే గుడ్డను బకెట్లో ముంచి గట్టిగా పిండింది. దవాఖాన గుమాస్తా గట్టయ్య ఆమె ముందు చేతులు జోడించి నిలబడ్డాడు. లోపల కాన్పుల గదిలో అతని భార్య సారవ్వ అరుస్తోంది. బిడ్డ ఎదురుకాళ్లతో వస్తోంది. డాక్టరమ్మ కరీంనగర్ వెళ్లింది. కొత్తగా చేరిన నర్సు అలాంటి కాన్పు ఎన్నడూ చూడలేదు.

నూకరత్నం చూసింది. రంగూన్‌లో తొమ్మిదేళ్లు నర్సుగా పనిచేసి, ఎదురుకాళ్ల బిడ్డల్ని ఎందరినో బయటికి తీసింది. అరవై నాలుగులో బర్మా నుంచి తరిమేస్తే, భర్త సింహాద్రితో కలిసి ఓడెక్కి వచ్చింది. అతనికి గోదావరిఖని బొగ్గుబాయిలో పని దొరికింది. ఆమె సర్టిఫికెట్లు పట్టుకుని ఈ దవాఖాన మెట్లెక్కింది. పది రోజులు తిప్పించుకుని, గట్టయ్య ఆమె ముఖం చూడకుండానే చెప్పాడు. “ఈ కాయితాలు నడవయి. ఆయా పనైతే ఉన్నది.”

ఏడేళ్లయింది. పని రానివాళ్లు పురుడు పోస్తుంటే పక్కన బేసిన్ పట్టుకుని నిలబడింది. ఇంటికెళ్లి ఏడిస్తే సింహాద్రి ఓదార్చేవాడు. “ఆ గట్టయ్యగాడే నీ కాయితం తొక్కీసినాడు. నీ ఉసురు ఆడికి తగలకపోదు.”

ఈ రోజు కోసమే ఆమె కాచుకుని ఉంది.

“నా దరఖాస్తు కాగితాలు పట్రా. నాకు నర్సు పని ఎందుకివ్వలేదో అందరి ముందూ పైకి చదువు. అప్పుడు లోపలికెళ్తాను.”

గట్టయ్య ముఖం పాలిపోయింది. “గట్ల వద్దక్కా. తప్పు నాదే అనుకో. అందరి ముందర చెప్పుతోని కొట్టు, పడ్త. గా కాయితం మాత్రం అడగకు.”

“భయమేస్తోందా?”

“నీ కాళ్లు మొక్కుత.”

“ఇక్కడ నిలబడి మాట్లాడేకొద్దీ నీ పెళ్లానికే ఆలస్యం.”

బీరువా తాళం కోసం అతను ఊరి అవతలున్న దవాఖాన పెద్దసారు క్వార్టరుకు పరుగెత్తాడు.

అతను గేటు దాటగానే నూకరత్నం మోచేతుల దాకా సబ్బుతో కడుక్కుని కాన్పుల గదిలోకి వెళ్లింది. కసి అతని మీద. సారవ్వ మీద కాదు. ముప్పావు గంట పట్టింది. ముందు కాళ్లు, తర్వాత నడుము, భుజాలు, ఆఖరికి తల. ఆడపిల్ల. వీపు మీద చరిస్తే కేరుమంది.

“నేను చెప్పేదాకా అతనికి చెప్పకు” అంది నర్సుతో. బయటికొచ్చి తలుపు మూసింది.

గట్టయ్య చెమటలు కక్కుతూ ఫైలుతో వచ్చాడు. వరండా నిండా జనం. మొదటి షిఫ్టు దిగిన సింహాద్రి ఆమెను ఇంటికి తీసుకెళ్లడానికి వచ్చి, ఆ ఫైలు చూసి ఆగిపోయాడు.

“పాత గొడవ ఇప్పుడెందుకే? ఇంటికి పద.”

“ఉండు. వీడి బండారం నువ్వూ విను.”

“అక్కా, మా సారవ్వ...”

“చదువు!”

గట్టయ్య ఫైలు విప్పి, ఒక కాగితం బయటికి తీసి చదివాడు. “నూకరత్నం తెచ్చిన సర్టిఫికెట్లు దొంగవి. రంగూన్‌లో ఆమె నర్సు కాదు, ఆసుపత్రిలో గిన్నెలు కడిగేది. ఈ సంగతి నాకు బాగా తెలుసు. ఆయా పనైతే ఇవ్వవచ్చును.”

నూకరత్నం పళ్లు కొరికింది. “ఎవడు రాశాడు? నువ్వేనా?”

“పెద్దసార్లు నమ్మిన్రు. నేను నమ్మలే. నీకు ఎట్ల చెప్పాల్నో తెల్వక, కాయితాలు నడవయన్న.”

అంతలో లోపలి నుంచి పసిపిల్ల ఏడుపు వినిపించింది. గట్టయ్య నివ్వెరపోయి ఆమె వైపు చూశాడు. కాగితం ఆమె చేతిలో పెట్టి లోపలికి పరుగెత్తాడు.

ఆమె కాగితం విప్పి చూసింది.

కింద సంతకం సింహాద్రిది.