ఎండల ఊళ్లో అదెందుకు?

"నీ చేతిలో పడ్డాక నా వ్యాను మంచినీళ్లు తాగినట్టు పెట్రోలు తాగుతోంది మేస్త్రీ!"

డూఫీ షెడ్డులోకి వస్తూనే అరిచింది. నెలలో ఇది మూడోసారి.

"ప్లగ్గులు మార్చాను, ఫిల్టర్ మార్చాను. ఇంకేం చెయ్యమంటావక్కా?" అన్నాడు డార్కో.

"నన్నడుగుతావేంటి? మేస్త్రీవి నువ్వా, నేనా? సాయంత్రానికి బాగవకపోతే నా మూడు వ్యాన్లూ ఎదుటి అనానే మేస్త్రీ షెడ్డుకే!"

వ్యాను వదిలి విసురుగా వెళ్లిపోయింది.

కుమాసి ఊళ్లో బళ్లు బాగుచేసే సువామే షెడ్ల వీధి అంతటా డార్కోకి మంచి పేరే. కానీ అతని షెడ్డు నిలబడింది డూఫీ వ్యాన్ల మీదే.

గుమ్మం దగ్గర సంచితో నిలబడ్డ ముసలాయన దగ్గరికొచ్చి, రేడియేటర్ పైపు మీద చెయ్యి పెట్టి చూశాడు.

"ఇంజను చాలినంత వేడెక్కడం లేదు నాయనా. థర్మోస్టాట్ పీకేశావా?"

డార్కో పకపకా నవ్వాడు.

"ఎవరుంచుతారు తాతా? ఇంజను వేడెక్కేదాకా నీళ్లని ఆపడానికి చలిదేశాల వాళ్లు పెట్టుకున్నారు. ఎండల ఊళ్లో అదెందుకు? ఏ బండి వచ్చినా మేం ముందు పీకి పారేసేది దాన్నే."

"పాత బళ్లకి చెల్లింది. వీటిలో కంప్యూటరుంది. ఇంజను చల్లగా ఉంటే, ఇప్పుడే స్టార్టయిందనుకుని పెట్రోలు ఎక్కువ పోస్తూనే ఉంటుంది."

"ఏ కాలేజీలో చదివావేం?"

"పోయినేడు కుర్రాళ్ల మధ్య కూర్చుని నేర్చుకున్నాను." ముసలాయన సంచిలోంచి కొత్త థర్మోస్టాట్ తీశాడు. "బిగించు. డబ్బులొద్దు."

డార్కోకి చురుక్కుమంది. ఇరవై ఏళ్లుగా చెయ్యి తిరిగినవాడికి దారినపోయే దానయ్య పాఠం చెప్పడమా!

"ఊరికే ఇచ్చే సరుకు ఎంత గొప్పదో నాకు తెలుసులే. ఎండ ముదరకముందే ఇంటికి పో తాతా."

పనివాళ్లు గొల్లున నవ్వారు.

ముసలాయన థర్మోస్టాట్ సంచిలో వేసుకున్నాడు. రోడ్డు దాటి అనానే షెడ్డులోకి వెళ్లాడు.

సాయంత్రం డూఫీ మళ్లీ అరిచింది. అన్నట్టే ఎదుటి షెడ్డుకి పోయింది. అనానే థర్మోస్టాట్ బిగించి పెట్రోలు ఖర్చు తగ్గించాడట. వారం తిరక్కుండా ఆమె మూడు వ్యాన్లూ అక్కడే కనిపించాయి. వాటి వెనకే మరో నాలుగు.

నెల తర్వాత డార్కోకి పని నేర్పిన ఒటెంగ్ మేస్త్రీ వచ్చాడు, చావుకి కట్టే నల్లబట్ట చుట్టుకుని.

డార్కో కుర్చీ వేసి, మంచినీళ్లిచ్చి, గడప తొక్కిన ఎవరికైనా చేసే ఆనవాయితీ ప్రకారం వచ్చిన పనేమిటని అడిగాడు.

"నాకు పని నేర్పిన పెద్దాయన పోయాడురా. శనివారం అంత్యక్రియలు. చెప్పడానికొచ్చాను. కాళ్లు వాచినా వినలేదు, థర్మోస్టాట్ల సంచి పట్టుకుని ఈ వీధంతా తిరిగాడు. నీ దగ్గరికీ వచ్చాడటగా?"



"వచ్చాడు," అన్నాడు డార్కో. "నేను పొమ్మన్నాను."

"కూర్చోబెట్టి నీళ్లిచ్చి, వచ్చిన పని అడగలేదా?"

"లేదు."

ఒటెంగ్ నీళ్ల గ్లాసు కింద పెట్టాడు.

"అడిగుంటే చెప్పేవాడురా. యాభై ఏళ్ల కిందట ఈ వీధిలో మొట్టమొదట థర్మోస్టాట్ పీకి పారేసి, మాకందరికీ పీకడం నేర్పింది ఆయనే."