విత్తనాల బిచ్చం

రేపు విత్తులు మొదలయ్యే మిరుగు కార్తె అనగా ఆ ముసలివాడు భూమన్న ఇంటిముందు నిలబడ్డాడు.

భూమన్న భార్య కమలవ్వ ముంతలో తాగడానికి జొన్నగటుక తెచ్చింది.

"గటుక ఎప్పుడన్న పొయ్యచ్చు తల్లీ. ఇయ్యాల విత్తనాల జొన్నలు గుప్పెడు పెట్టు."

పోలీసు యాక్షన్ అయిన ఏడు ఎక్కణ్ణుంచో ఖానాపూర్ పక్కనున్న ఆ పల్లెకు వచ్చి, పాడుబడ్డ బందెలదొడ్డిలో చేరాడు. ఏటా విత్తే ముందు ఇంటింటికీ తిరిగి ఇదే అడుగుతాడు. ఊరికి ఒళ్లు మండేది. ఆకలైనవాడు అన్నం అడగాలి గాని విత్తనాలడగడమేమిటి?

భూమన్న బయటికి వచ్చాడు.

"ఈ యేడు వానలెట్లుంటయో చెప్పు, ఇస్త."

"నాకు తెలువదు."

"తెల్వకుంటే ఇత్తనాలెందుకు?"

"తెలువకనే అడుగుతున్న. దాచిపెడ్త."

"నా ఇత్తనాలు నువ్వు దాసుడేంది? నడువ్."

భూమన్న అటు తిరగగానే కమలవ్వ గుప్పెడు జొన్నలు ముసలివాడి జోలెలో పోసింది. ఊళ్లో ఆడవాళ్లంతా చేసేది అదే.

మరునాడు వాన దంచికొట్టింది. అందరూ ఇంట్లో ఉన్న విత్తనాలన్నీ విత్తేశారు.

ఆ తరువాత వాన మొహం చాటేసింది. మొలకలు మాడిపోయాయి. ఇళ్లలో తిండికే కటకట అయింది. ముసలివాడికి గటుక పోసేవాళ్లు లేకపోయారు.

నెలన్నరకు, పెద్దపుసాల కార్తెలో మళ్లీ మంచి వాన పడింది. విత్తడానికి ఎవరింటా గింజ లేదు. భూమన్న తడిసిన చెలక గట్టున కూర్చుని ఏడ్చాడు.

కమలవ్వ పరుగున వచ్చింది.

"జర దొడ్డికి రా. ముసలాయన పానం పోయిందట."

దొడ్డిలో గోడ వెంట కుండలున్నాయి. మూతలు తీస్తే, బూడిద, వేపాకు కలిపి ఏళ్లుగా భద్రం చేసిన జొన్నలు. ఊరంతా మళ్లీ విత్తుకోవడానికి సరిపోతాయి.

ఆ కుండల పక్కనే, కడుపు వెన్నుకంటుకుపోయి, ముసలివాడు పడివున్నాడు.

భూమన్న సిగ్గుతో తల ఎత్తలేకపోయాడు.

చుట్టపుచూపుగా వచ్చిన అతని బావ హనుమండ్లు శవాన్ని లేపబోయి, మొహం చూసి ఆగిపోయాడు. అతనిది మంచిర్యాల దిక్కు ఊరు.

"ఏమైంది బావా? ఎరుకేనా నీకు?"

"మా ఊర్ల పంచాంగం చెప్పే అయ్యగారు," అన్నాడు హనుమండ్లు. "వానలకు కొదువ లేదన్న గీయన మాట నమ్మి, మిరుగులనే ఉన్నదంత ఇత్తి, మా ఊరు సగం ఆకలికి సచ్చింది."